తప్పు బిగింపుది, శిక్ష డిస్కుకు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి గంటకు 120 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉంది. ఊళ్ళో నలభైలోనో యాభైలోనో తిరిగినంతకాలం దాగి ఉండే జబ్బులు చాలా ఆ రోడ్డెక్కాక బయటపడతాయి. ఎగ్జిట్ దగ్గరపడి బ్రేకు మీద కాలు వేయగానే స్టీరింగు చేతుల్లో వణకడం అందులో ఒకటి. పాదం కింద పెడలూ అదురుతుంది. వేగం తగ్గేకొద్దీ అదురు తగ్గి, బండి ఆగేసరికి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. మర్నాడు వర్క్‌షాపులో తీర్పు వచ్చేస్తుంది: "డిస్కులు వంగాయి సార్. లేత్‌కి ఇవ్వాలి, లేదంటే కొత్తవి వేసేద్దాం."

ఎందుకు వంగాయని అడిగితే జవాబులకు కొదవ లేదు. వేడి డిస్కు మీద నీళ్ళు పడ్డాయంటారు, బ్రేకు గట్టిగా కొడుతున్నారంటారు, కంపెనీవాడే నాసిరకం వేశాడంటారు. మూడు నెలల కిందట టైర్లు మార్పించినప్పుడు చక్రాల నట్లు ఎవరు బిగించారు, దేనితో బిగించారు, ఎంత బిగించారు అన్న ప్రశ్న మాత్రం ఆ సంభాషణలోకి రాదు. మొదట అడగాల్సిన ప్రశ్న అదే. అదిరే బ్రేకులన్నిటికీ అదే కారణమని ఎవరూ అనలేరు కానీ, వాటిలో చాలా వాటి పుట్టుక పంక్చర్ షాపులోనో, టైర్ల దుకాణంలోనో, ఏసీ గదిలో కాఫీ ఇచ్చే పెద్ద సర్వీస్ సెంటర్లోనో ఎయిర్ గన్ను మోగిన ఆ పది సెకన్లలోనే ఉంటుంది.

చక్రం నట్టుకూ బ్రేకుకూ ఏం సంబంధమని అనుమానం రావడం సహజం. చక్రం విప్పి చూస్తే తెలుస్తుంది. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి బ్రేకు డిస్కు హబ్ మీద ఊరికే తొడిగి ఉంటుంది. దాన్ని పట్టుకునేవి ఒకటో రెండో చిన్న స్క్రూలు, కొన్ని కార్లకు అవీ ఉండవు. చక్రం తీసి, కాలిపర్ పక్కకు తప్పిస్తే డిస్కు చేతిలోకి వచ్చేస్తుంది. దాన్ని నిజంగా బిగించి ఉంచేవి చక్రం నట్లే. అడుగున హబ్, దాని మీద డిస్కు, ఆపైన చక్రం, ఈ మూడింటినీ కలిపి నొక్కి పట్టే భారం నాలుగైదు నట్ల మీద ఉంటుంది. డిస్కును హబ్‌కు విడిగా బోల్టులతో బిగించే పాత పద్ధతి బండ్లలో నట్ల ప్రభావం డిస్కు దాకా అంతగా చేరేది కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రాజ్యమేలిన రోజుల్లోనైతే డ్రమ్ములే కాబట్టి ఈ గొడవ ఇంత సున్నితంగా ఉండేది కాదు. ఆ కాలంలో పని నేర్చిన చేతులు, వాటి దగ్గర శిష్యరికం చేసిన చేతులు, నట్టు ఎంత బిగిస్తే అంత క్షేమమన్న నమ్మకాన్ని డిస్కుల కాలంలోకి కూడా మోసుకొచ్చాయి.

ఆ నొక్కు ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. టయోటా కార్లలో ఎక్కువ వాటికి నట్టు బిగింపు 103 న్యూటన్ మీటర్లు ఉండాలి. హోండా సిటీకి 108, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. హ్యుందాయ్ 107 నుంచి 127 దాకా అంటుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద, నూనె తగలని పొడి మరల మీద 103 బిగింపు వేస్తే ఆ స్టడ్డు రవ్వంత సాగి, సుమారు నాలుగు టన్నుల బలంతో చక్రాన్ని హబ్‌కేసి అదుముతుంది. అయిదు స్టడ్లూ కలిస్తే ఇరవై టన్నుల పైమాటే. ఇంత బలం చుట్టూ సమానంగా పడినంతవరకూ డిస్కు తిన్నగా నిలుస్తుంది. ఒక నట్టు దగ్గర ఆరు టన్నులు, దానికి ఎదురుగా ఉన్న నట్టు దగ్గర రెండు టన్నులు పడితే డిస్కు ఆ బలమైన వైపుకు కాస్త ఒరుగుతుంది.

కాస్త అంటే ఎంత? చాలా కార్లలో డిస్కు తిరిగేటప్పుడు దాని అంచు పక్కవాటుగా ఊగడానికి తయారీదారులు ఇచ్చే అనుమతి 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దగ్గర మొదలయ్యే వ్యవహారమిది. కంటికి ఆనదు, వేలితో తడిమినా తెలియదు. చక్రం తీసి, నట్లను వాషర్లతో సరైన బిగింపుకు బిగించి, డిస్కు అంచుకు దగ్గరగా డయల్ గేజ్ ఆనించి తిప్పితేనే ముల్లు కదలిక చెబుతుంది. డిస్కులు మార్చాలని చెప్పేముందు ఈ గేజ్ బయటికి తీసే వర్క్‌షాపులు ఎన్ని ఉన్నాయో కార్ల యజమానులు తమకు తాముగా చూసుకోవచ్చు.

అసలు మెలిక ఏమిటంటే, అదురు వెంటనే రాదు. నట్లు వంకరగా బిగించిన రోజున బ్రేకు శుభ్రంగా పడుతుంది. ఆ మర్నాడూ పడుతుంది. కానీ బ్రేకు నొక్కనప్పుడు కూడా ప్యాడ్లు డిస్కుకు చాలా దగ్గరలోనే ఉంటాయి. ఒరిగిన డిస్కులో ఎత్తుగా ఉన్న చోటు తిరిగిన ప్రతిసారీ ప్యాడును రాసుకుంటూ పోతుంది. కారు చక్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 12 చుట్లు తిరుగుతుంది. కిలోమీటరుకు అయిదు వందల పైన చుట్లు. అయిదు వేల కిలోమీటర్లు పోయేసరికి ఆ ఒక్కచోటే పాతిక లక్షల సార్లకు పైగా రాపిడి జరిగి ఉంటుంది. అక్కడ లోహం అరుగుతుంది, మిగతా చోట అరగదు. బయటి ముఖం ఒకచోట అరిగితే లోపలి ముఖం దానికి ఎదురుగా మరోచోట అరుగుతుంది. చివరికి డిస్కు మందం చుట్టూ ఒకేలా ఉండదు. మందంలో తేడా 0.02 మిల్లీమీటరు దగ్గరకు వచ్చిందంటే చాలు, పెడలు కబురు చెబుతుంది. మందమైన భాగం ప్యాడ్లను వెనక్కి తోస్తుంది, పల్చని భాగం ముందుకు రానిస్తుంది. ఆ తోపు బ్రేకు ఆయిల్ గుండా పాదానికి చేరుతుంది. మొదట్లో ఉన్నది ఒరుగు, ఇప్పుడు తయారైనది అరుగు. ఒరుగును నట్లు విప్పి సరిగ్గా బిగించి సరిచేయవచ్చు, అరిగిన లోహాన్ని వెనక్కి తేలేరు.

ఈ ఆలస్యమే నట్టును కాపాడుతోంది. పని చెడగొట్టినవాడికీ, బాధపడేవాడికీ మధ్య మూడు నాలుగు నెలల దూరం. ఆలోపు టైర్ల దుకాణం బిల్లు పోతుంది, ఎవరు బిగించారో మరుపు వస్తుంది. కళ్ళెదుట మిగిలేది డిస్కు ఒక్కటే కాబట్టి నింద దానికి అంటుకుంటుంది.

డిస్కులు వంగడమన్నదే పెద్ద అపోహ అన్నవారూ ఉన్నారు. వారిలో గట్టి పేరు కారల్ స్మిత్‌ది. 1960లలో ఫోర్డ్ జీటీ40 రేసు కార్ల కార్యక్రమంలో పనిచేసిన ఈ అమెరికన్ ఇంజనీరు, రేసు కార్ల తయారీ మీద ప్రసిద్ధ పుస్తకాలు రాశాడు. ఆయన వాదం ప్రకారం డిస్కు నిజంగా వంగడం దాదాపు ఉండదు. ప్యాడు పదార్థం డిస్కు మీద అట్టలు అట్టలుగా అంటుకుంటుంది, ఆ చోట్లు మిగతా వాటికన్నా వేడెక్కుతాయి, వేడి హద్దు దాటితే పోత ఇనుములో సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడి ఆ చోట అరుగుదల మారిపోతుంది. శ్రీశైలం ఘాట్ దిగి వచ్చి, బ్రేకు అదిమిపట్టి చాలాసేపు ఆపిన కారుకు ఇలా జరగడానికి వీలుంది. ఆయన చెప్పినది కాదనడానికి లేదు. అయితే ఆ మాట నట్టును నిర్దోషిగా వదిలిపెట్టదు. ఒరిగిన డిస్కులో ప్యాడుకు ఎక్కువగా తగిలే చోటు ముందే తయారై ఉంటుంది, పదార్థం అంటుకున్నా లోహం అరిగినా ఆ చోటే ముందు దెబ్బతింటుంది. వంగిందా, అంటుకుందా, అరిగిందా అన్న వాదన ఇంజనీర్లకు అవసరం. కారున్నవారికి అవసరమైన సంగతి, మొదటి ఒరుగు రాకుండా చూసుకోవడం.

ఇక గన్ను సంగతి. గాలితో నడిచే అర అంగుళం గన్లలో 500 న్యూటన్ మీటర్లు దాటేవి మామూలే. నట్టుకు కావలసింది 103. కంప్రెసర్లో గాలి ఎంత ఉంది, కుర్రవాడు మీట ఎన్ని క్షణాలు నొక్కాడు, మరల్లో తుప్పు ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఒకే చక్రం మీద ఒక నట్టుకు 150, పక్కదానికి 300 పడవచ్చు. దానికి తోడు వరస. గుండ్రంగా ఒకదాని పక్కన ఒకటి బిగించుకుంటూ పోతే మొదటి నట్టు చక్రాన్ని తన వైపు లాగేస్తుంది, మిగిలినవి ఆ వంకరను అలాగే బంధిస్తాయి. ఎదురెదురుగా, అయిదు నట్లయితే నక్షత్రం గీసినట్టు, రెండు మూడు విడతల్లో బిగించమని చాలా కార్ల పుస్తకాలు చెబుతాయి. మృదంగం శ్రుతి చేసేవారు అంచు మీద ఒకచోట తట్టి, వెంటనే ఎదురు వైపు తడతారు. చర్మం అన్ని దిక్కులా సమంగా సాగితేనే నాదం నిలుస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

గన్ను లేని చోట మనవాళ్ళ బలప్రదర్శన ఇంకో రకం. అడుగు పొడవున్న వీల్ పానా చివర 35 కిలోల బరువు వేస్తే 103 న్యూటన్ మీటర్లు వచ్చేస్తుంది. డెబ్భై కిలోల మనిషి దాని మీదెక్కి నిలబడితే అది రెండింతలు. పానాకు మీటరు పొడవు ఇనుప పైపు తొడిగి, అదే 35 కిలోల బలంతో లాగితే 340 దాటుతుంది. రోడ్డు పక్కన పానా మీదెక్కి రెండు గెంతులు గెంతి "ఇక ఊడదు" అని భరోసా ఇచ్చేవారికి, ఆ నట్టు మళ్ళీ విప్పాల్సి వస్తుందన్న ధ్యాస ఉండదు.

ఆ భరోసా వెనక ఉన్న భయం నిజమైనదే. కెనడాలోని ఒంటారియోలో 1995లో లారీల నుంచి ఊడిన చక్రాలు దూసుకొచ్చి ప్రాణాలు తీశాయి. 1997లో అక్కడ కఠినమైన చట్టం వచ్చింది. భారీ వాహనం చక్రం ఊడిందంటే 2,000 నుంచి 50,000 కెనడియన్ డాలర్ల దాకా జరిమానా. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామన్న వాదన కోర్టులో చెల్లదు. టైరు, చక్రం, రిమ్ పనిని అక్కడ ప్రత్యేక వృత్తిగా గుర్తించారు. ప్రపంచంలో అత్యధికంగా కార్లు అమ్మే టయోటాకే ఈ విషయంలో తల వంచుకోవాల్సి వచ్చింది. ఎంతో ఆర్భాటంగా 2022 మేలో జపాన్‌లో విడుదల చేసిన బీజెడ్4ఎక్స్ విద్యుత్ కారును జూన్‌లోనే వెనక్కి పిలిచింది. కొద్ది దూరం తిరిగాకే చక్రాల బోల్టులు వదులై చక్రం ఊడిపోయే ప్రమాదముందని తేలింది. సుమారు 2,700 కార్లను నడపవద్దని యజమానులకు చెప్పి, అక్టోబరులో గానీ అమ్మకాలు తిరిగి మొదలుపెట్టలేకపోయింది.

వదులైతే ప్రాణం మీదికి వస్తుంది, నిజమే. కానీ అతిగా బిగించడం దానికి విరుగుడు కాదు. స్టడ్డు పనిచేసేది దాని సాగుడు గుణంతో. సాగి, తిరిగి ముడుచుకోవాలని చూస్తూ చక్రాన్ని పట్టి ఉంచుతుంది. హద్దు మీరి సాగదీస్తే ఆ గుణం పోయి, పట్టు సడలి, ఒకనాడు తెగుతుంది. మరలు చితికితే నట్టు అసలు కదలదు. 2021 మేలో మొనాకో గ్రాండ్ ప్రీ చూసినవారికి గుర్తుండే ఉంటుంది. రెండో స్థానంలో పరుగెడుతున్న వాల్తేరి బొటాస్ మెర్సిడెస్ కారు పిట్‌లోకి వచ్చింది. గన్ను ముందు కుడి చక్రం నట్టును తొలిచేసింది, చక్రం ఊడలేదు, పందెం అక్కడే ముగిసింది. ఇంగ్లండులోని బ్రాక్లీ ఫ్యాక్టరీకి కారును చేర్చి ఆ చక్రం ఊడదీసేసరికి దాదాపు 43 గంటలు పట్టింది. రెండు సెకన్లలో నాలుగు చక్రాలు మార్చే మనుషుల చేతిలోని గన్నే అలా చేస్తే, గాలి గొట్టం కారుతున్న కంప్రెసర్ తోడున్న గన్నును ఎంత నమ్మాలో చెప్పనక్కరలేదు.

కొలిచి బిగించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. న్యూయార్క్ నగర నీటి సరఫరా విభాగంలో పనిచేసిన కాన్రాడ్ బార్, భూగర్భంలోని నీటి గొట్టాల, ఆవిరి గొట్టాల బోల్టులను అతిగా బిగించకుండా 1918లోనే టార్క్ రెంచ్ తయారు చేశాడు. వందేళ్ళు దాటిన పరికరం. మన ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ చదివినవారికి అది తెలిసినదే. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను పని చేసే మేస్త్రీలు సిలిండర్ హెడ్డు బోల్టుల దగ్గర దాన్ని భక్తిగా వాడతారు. హెడ్డు దగ్గర చూపే ఆ శ్రద్ధ చక్రం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆవిరైపోతుందన్నది అర్థం కాని సంగతి. హెడ్డు తేడా వస్తే ఆ రోజే నీళ్ళు కారి పరువు పోతుంది, చక్రం తేడా వస్తే నాలుగు నెలల తర్వాత ఇంకెవరి గుమ్మం ముందో తేలుతుంది. బహుశా అదే కారణం.

టార్క్ రెంచ్ సర్వరోగ నివారిణి కాదు. మనం పెట్టే బలంలో సగం నట్టు అడుగు ముఖం దగ్గర రాపిడికే ఖర్చవుతుంది, నలభై శాతం దాకా మరల్లో పోతుంది, స్టడ్డును సాగదీసేది మిగిలిన పది శాతమే. అందుకే నట్టు ఎక్కడం సాఫీగా ఉంటుందని స్టడ్డుకు రెండు చుక్కలు ఆయిల్ పూయడం ప్రమాదం. రాపిడి తగ్గి, అదే 103 దగ్గర బిగింపు మూడో వంతు దాకా పెరిగిపోవచ్చు. కారు పుస్తకంలో మరో మాట లేనంతవరకూ ఆ అంకెలు పొడి మరలకు రాసినవి. అయితే రెంచ్ చేసే గొప్ప పని ఒకటుంది. దాని లెక్కలో కాస్త తప్పున్నా అయిదు నట్లకూ ఒకే తప్పు చేస్తుంది. డిస్కుకు కావలసింది ఆ సమానత్వమే. ఆ మాటకొస్తే, గన్ను పట్టని ముసలి మేస్త్రీ చేతి పానాతో ఎదురెదురుగా బిగించిన చక్రం, గన్ను బిగించిన చక్రం కన్నా తిన్నగా కూర్చునే అవకాశం ఎక్కువ. మేస్త్రీల చేతి తెలివిని తక్కువ చేయాల్సిన పనిలేదు. గన్ను ఆ తెలివినే నిరుద్యోగిని చేసింది.

తుప్పును కూడా ఈ కేసులో ముద్దాయిగా చేర్చాలి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో హబ్ ముఖం మీద తుప్పు పెళ్ళలు కట్టడం మామూలు. హబ్ అంచున 0.1 మిల్లీమీటరు మందం పెళ్ళ డిస్కు కింద ఇరుక్కుంటే, డిస్కు అంచుకు వచ్చేసరికి ఊగు దాదాపు రెట్టింపవుతుంది. కొత్త డిస్కు వేసినా, నట్లు ఎంత చక్కగా బిగించినా ఆ పెళ్ళ తన పని తాను చేసుకుపోతుంది. వైరు బ్రష్షుతో రెండు నిమిషాలు రుద్దితే పోయే జబ్బు ఇది.

లేత్ పని విఫలమయ్యేది ఇక్కడే. ముందు డిస్కు మందం కొత్తలో 22 మిల్లీమీటర్లుంటే, చాలా కార్లలో 20కి వచ్చేసరికి పారేయాలి. ఆ రెండు మిల్లీమీటర్లే దాని ఆస్తి. లేత్ ఎక్కించిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది. పైగా విప్పి తీసుకెళ్ళిన డిస్కును లేత్ తన ఇరుసుకు సరిపోయేలా చెక్కుతుంది, కారు హబ్ ఎలా ఉందో దానికి తెలియదు. తెచ్చి అదే తుప్పు హబ్ మీద పెట్టి, అదే గన్నుతో బిగిస్తే కొన్ని వేల కిలోమీటర్లకు కథ మళ్ళీ మొదటికి వస్తుంది. "చెప్పాను కదండీ, కొత్తవి వేయాల్సిందే" అన్న మాట అప్పుడు వినబడుతుంది. కొత్తవీ ఆ హబ్ మీదే కూర్చుంటాయి.

అలాయ్ వీల్స్ సరదా ఉన్నవారికి ఇంకో చిక్కు. నట్టు కూర్చునే గుంట ఆకారం అన్ని చక్రాలకూ ఒకటి కాదు. కొన్నిటికి శంకువులా ఏటవాలుగా ఉంటుంది, హోండావి గుండ్రంగా ఉంటాయి, టయోటా అలాయ్‌లకు చదునైన వాషర్ నట్లు ఉంటాయి. బయట కొన్న చక్రానికి పాత నట్లే తగిలిస్తే అవి అంచు మీద ఆని ఉంటాయి తప్ప గుంటలో కూర్చోవు. అక్కడ ఏ రెంచ్ చూపిన అంకె అయినా ఉత్తదే.

దుకాణాలవారి అభ్యంతరం సమయం. చక్రాల పనికి గిట్టేది తక్కువ, బయట క్యూ ఉంటుంది, రెంచ్ పట్టుకు కూర్చుంటే గిట్టదంటారు. గన్నును ఎవరూ అటకెక్కించమనడం లేదు. విప్పడానికి గన్ను వాడుకోవచ్చు. బిగించేటప్పుడు నట్లను చేత్తో మరలెక్కించి, గన్నుతో ఆనేవరకు తిప్పి ఆపేసి, జాకీ దించి టైరు నేలకు తగిలాక రెంచ్‌తో ముగించాలి. చక్రానికి నిమిషం కూడా అదనంగా పట్టదు. బలాన్ని పరిమితం చేయడానికి గన్నుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే టార్క్ స్టిక్కులూ దొరుకుతాయి. ఒక మాదిరి టార్క్ రెంచ్ రెండు మూడు వేల రూపాయలకే వస్తుంది. ఒక జత డిస్కుల ఖర్చులో అది ఎన్నో వంతో వేరే చెప్పాలా?

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. టైర్ల బిల్లు మీద బ్యాలెన్సింగ్‌కు ఒక గీత, అలైన్‌మెంట్‌కు ఒక గీత ఉంటాయి, అలైన్‌మెంట్‌కు ముందూ తర్వాతా కొలతల కాగితం కూడా ఇస్తారు. నట్ల బిగింపుకు మాత్రం గీత ఉండదు. ఆ బిల్లు మీద "బిగింపు: 103, రెంచ్‌తో" అని ఒక ముక్క, బిగించినవారి సంతకం ఉంటే చాలు. నాలుగు నెలల తర్వాత బ్రేకు అదిరితే దుకాణానికీ అదే రక్షణ, యజమానికీ అదే ఆధారం. ముందుగా ఈ పని మొదలుపెట్టాల్సింది పెద్ద కంపెనీల అధీకృత సర్వీస్ సెంటర్లు. వాళ్ళ దగ్గర రెంచ్ ఉంటుంది, శిక్షణ పొందినవారు ఉంటారు, గోడ మీద అంకెల పట్టికా ఉంటుంది. పంక్చర్ షాపు కుర్రవాణ్ణి తప్పుపట్టే ముందు వాళ్ళను అడగాలి.

రాత్రివేళ దారిలో స్టెప్నీ వేసుకున్నవారి దగ్గర ఇవేవీ ఉండవు. డిక్కీలోని పానాతో ఎదురెదురుగా, చేతి బలంతో, పైపు తొడగకుండా బిగిస్తే ఊరు చేరడానికి సరిపోతుంది. 80 నుంచి 150 కిలోమీటర్ల లోపు రెంచ్‌తో మరోసారి సరిచూడాలి. కొత్త అలాయ్‌లు వేయించిన వారికీ ఇదే లెక్క, ఎందుకంటే పెయింటు నలిగి, చక్రం సర్దుకుని నట్లు కాస్త వదులవుతాయి. చూడాల్సిన అంకె కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం చాలామంది కార్లలో డ్యాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది.